‘ఆఁ?’ అనక్కర్లేని హోటల్

హోటల్ బాగుందని చెప్పడానికి ఇప్పుడందరూ వాడే మాట ‘యాంబియెన్స్’. అంటే ఏమిటని అడిగితే గుమ్మం దగ్గర నీళ్ల ఉరుళిలో పూలు, గోడకి ఇత్తడి దీపాలు, ఫొటోలు దిగడానికి రెక్కల బొమ్మ వేసిన మూల చూపిస్తారు. అన్నం కలుపుకుంటున్నంతసేపూ వీటిలో ఏదీ మన కంట పడదు. ఫొటోలో పడేవాటికే హోటల్‌వాళ్లు డబ్బు పోస్తున్నారు, మనమూ వాటికే మార్కులేస్తున్నాం.

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి ఏ ఫ్యామిలీ రెస్టారెంట్లోనైనా పక్క బల్లని గమనించండి. అక్కడ ఎక్కువసార్లు వినపడే మాట ‘ఆఁ?’. తాతగారు రెండుసార్లు ‘ఆఁ?’ అని, మూడోసారి వినపడినట్టు తలూపేసి పళ్లెంలోకి చూసుకుంటారు. పిల్లలు ఫోన్లు తీస్తారు. ఇద్దరికి చికెన్, ఇద్దరికి పనీర్ అని ఆర్డర్ చెప్పడానికి ఇంటాయన లేచి సర్వర్ చెవి దగ్గరికి వంగుతాడు. వీళ్లు వచ్చింది నలుగురూ కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి. ఆ ఒక్క పనీ ఆ హాల్లో జరగదు.

తిండి సంగతి పక్కన పెడితే, హోటల్లో సుఖమంటే నా లెక్కలో రెండే విషయాలు. ఎదుటివాళ్ల మాట వినపడాలి. కావలసినదాని కోసం చెయ్యెత్తి పిలవాల్సిన పని పడకూడదు. ఈ రెంటికీ ఇత్తడి దీపాలతో సంబంధం లేదు. రెంటినీ సాధించే పద్ధతులు ఎప్పటినుంచో తెలిసినవే, వాటికయ్యే ఖర్చూ తక్కువే.

చప్పుడు ఎక్కడ పుడుతుందో చూద్దాం. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న హాలు అనుకోండి, అరవై సీట్లు. నేల గ్రానైటు, ఒక పక్కంతా అద్దం, పైన జిప్సం ఫాల్స్ సీలింగు, బల్లలకి గాజు పలకలు. ఇవన్నీ వచ్చిన చప్పుడులో వందకి మూడు వంతులు కూడా మింగవు, మిగిలింది తిరిగి హాల్లోకే కొడతాయి. 1890ల చివర్లో హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ అనే ఫిజిక్సు అధ్యాపకుడు దీనికో సూత్రం కట్టాడు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, చప్పుడు మింగే విస్తీర్ణంతో భాగిస్తే ప్రతిధ్వని ఎన్ని సెకన్లు నిలుస్తుందో వస్తుంది. మన హాలు ఘనపరిమాణం 288 ఘనమీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 312 చదరపు మీటర్లున్నా మింగేది 9 చదరపు మీటర్ల పాటే. ఖాళీ హాల్లో చప్పట్లు కొడితే దాదాపు 5 సెకన్లు మోగుతుంది. అరవైమంది వచ్చి కూర్చుంటే వాళ్ల బట్టలూ ఒళ్లూ కొంత మింగి అది 1.3 సెకన్లకి దిగుతుంది. మాట స్పష్టంగా వినపడాలంటే అది కూడా ఎక్కువే. ఒక అక్షరం మోత తగ్గకముందే తరవాతి అక్షరం దాని మీద పడుతుంది.

ఆ తరవాత మనుషుల వంతు. చుట్టూ చప్పుడు పెరిగితే మనకి తెలియకుండానే గొంతు పెంచుతాం. 1911లో ఎతియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు దీన్ని నమోదు చేశాడు. మీటరు దూరంలో మామూలు మాట 60 డెసిబెళ్లు. మాట్లాడేవాళ్లు పదిమంది ఇరవై అయితే లెక్క ప్రకారం 3 డెసిబెళ్లే పెరగాలి. కానీ ప్రతి బల్లా పక్క బల్లని మించాలని చూస్తుంది కాబట్టి అంతకన్నా ఎక్కువే పెరుగుతుంది. ఎనిమిదింటికి మాట్లాడుకున్నవాళ్లు తొమ్మిదింటికి అరుచుకుంటున్నారంటే కారణం ఇదే. మేనేజరు అప్పుడు చేసే పని పాటల సౌండు పెంచడం. ఎందుకయ్యా అంటే పాట వినపడటం లేదంటాడు!

చప్పుడు దెబ్బ చెవులతో ఆగదు. కార్నెల్ యూనివర్సిటీలో విమానం లోపలుండే 85 డెసిబెళ్ల రొదలో రుచులు పరీక్షిస్తే, తీపి మందగించి టమాటాలో ఉండే ఉమామీ రుచి పైకి తేలిందని 2015లో తేల్చారు. రద్దీ వేళ హోరెత్తే హాలు ఆ అంకెకి మరీ దూరంగా ఏమీ ఉండదు. ఆ రొదలో తిన్న డబుల్ కా మీఠాలో చక్కెర తగ్గిందనిపిస్తే తప్పంతా వంటమాస్టరుది కాకపోవచ్చు.

మందు ఏమిటంటే కప్పు. నేలకి తివాచీ వేస్తే మన పప్పుచారుకీ పులుసుకీ నెల్లాళ్లు కూడా నిలవదు. గోడలు చేతికందుతాయి, మరకలు పడతాయి. కప్పు జోలికి ఎవరూ పోరు. చప్పుడు బాగా మింగే మినరల్ ఫైబర్ టైల్స్‌గానీ, పాలియెస్టర్ ఫైబర్ ప్యానెళ్లుగానీ 60 చదరపు మీటర్ల మేర బిగిస్తే మన హాలు మోత 1.3 నుంచి 0.6 సెకన్లకి దిగుతుంది. చప్పుడు నేరుగా తగ్గేది 3 డెసిబెళ్లే. అయితే ఆ కాస్త తగ్గడంతో జనం గొంతులు దించుకుంటారు, దాంతో ఇంకాస్త తగ్గుతుంది. పెరిగేటప్పుడు తిరిగిన చక్రమే తగ్గేటప్పుడూ తిరుగుతుందన్నమాట.

ఇందులోనూ పాడుచేసేవాళ్లున్నారు. టైల్స్ మాసిపోయాయని వాటి మీద ఎనామిల్ పెయింటు దట్టంగా వేయిస్తారు. సన్నటి రంధ్రాలన్నీ మూసుకుపోయి అవి మళ్లీ గోడలైపోతాయి. గోడకి కోడిగుడ్ల అట్టలు అంటిస్తే మాట వినపడటంలో తేడా ఏమీ రాదు. సోఫా స్పాంజి కొంత మింగుతుంది గానీ నిప్పంటుకుంటే ఆగదు, దాన్ని హోటల్లో పెట్టడం నేరంతో సమానం. ప్యానెల్‌ని కప్పుకి పూర్తిగా అతికించకుండా పది ఇరవై సెంటీమీటర్ల సందు వదిలి వేలాడదీస్తే, లోతుగా గుంయ్‌మనే మోత కూడా తగ్గుతుంది. అసలు ఒక్క రూపాయి పెట్టేముందు స్టీలు కుర్చీల కాళ్లకి రబ్బరు బుష్‌లు తొడిగించండి. గ్రానైటు మీద కుర్చీ జరిపిన కీచు హాలంతా చీల్చేస్తుంది. క్లీనరు తిరిగే ప్లాస్టిక్ టబ్బులో అడుగున రబ్బరు షీటు పరిస్తే స్టీలు ప్లేట్లు ధనధనమని పడే మోత సగానికి సగం పోయినట్టుంటుంది.

ఇరానీ కేఫ్‌లో నేలా గోడలూ గట్టివే, బల్లల మీద పాలరాయి, గోడలకి అద్దాలు. మరి అక్కడ గంటలకొద్దీ కబుర్లు ఎలా సాగాయి? పాత ఇరానీ హోటళ్లు చాలా వరకు వీధి మూల మీద ఉండేవి, రెండు పక్కలా తలుపులు బార్లా తెరిచి. సబైన్ తన లెక్కలకి కొలమానంగా పెట్టుకున్నది తెరిచిన కిటికీనే. దాన్లోంచి వెళ్లిన చప్పుడు మళ్లీ రాదు కాబట్టి చదరపు మీటరు కిటికీ అంటే నూటికి నూరు పాళ్లు మింగే చదరపు మీటరు. రెండు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తున్న తలుపులు నాలుగు తెరిస్తే 20 చదరపు మీటర్లు. పైన చెప్పిన గ్రానైటు హాలు మొత్తం మింగేదానికి ఇది రెట్టింపు. రోడ్డు మీద హారన్లు లోపలికొస్తాయి, నిజమే. కానీ లోపలి మాటల మోత కూడా బయటికి పోతుంది. ఇప్పుడు అదే కేఫ్‌కి ఏసీ పెట్టి, గాజు తలుపులు బిగించి, ‘హెరిటేజ్’ అని బోర్డు పెడుతున్నారు. పాలరాయి మిగిలింది, తలుపులు పోయాయి.

చప్పుడు తరవాత నాకు కోపం తెప్పించేది బల్ల. హోటల్ ఫర్నిచరు కొలతలన్నీ చెంచాతో తినేవాళ్ల కోసం కట్టినవి. బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు, కుర్చీ ఎత్తు 45. ఈ రెంటి మధ్య 30 ఉంటే చేత్తో తినడానికి కూడా సరిపోతుంది. చిక్కంతా సోఫా సీట్లతో వస్తుంది. కూర్చోగానే మెత్తటి కుషను మరో ఐదారు సెంటీమీటర్లు దిగుతుంది, పైగా బల్లకీ సోఫా అంచుకీ మధ్య జానెడు ఎడం. పప్పన్నం ముద్ద పళ్లెంలోంచి నోటిదాకా ఆ ఎడం దాటి రావాలి, దారిలో చొక్కా ఉంటుంది. చెంచా నిలబెట్టుకుంటుంది గానీ చారన్నం చేతిలో నిలవదు. అందుకే చేత్తో తినే భోజనానికి గట్టి సీటున్న కుర్చీ మేలు. ముందుకు లాక్కోవచ్చు. సోఫా ఐస్‌క్రీముకి.

నలుగురికి 75 సెంటీమీటర్ల చదరపు బల్ల వేస్తారు కొందరు. 28 సెంటీమీటర్ల పళ్లేలు నాలుగు పెడితేనే బల్ల దాదాపు సగం నిండిపోతుంది. నడుమ బిర్యానీ హండీ ఎలాగో ఇరుకుతుంది. ఇక సలాన్, రైతా, ఉల్లిపాయల ప్లేటు, మంచినీళ్ల సీసా, నాలుగు గ్లాసులు, స్టార్టర్లో మిగిలిన నాలుగు ముక్కలూ ఎక్కడ పెడతారు? సర్వర్ వచ్చి గిన్నె చేతిలో పట్టుకుని నిలబడతాడు, మనం పళ్లేలు జరుపుతూ ఉంటాం. 120 బై 75 బల్ల వేస్తే ఈ చదరంగం ఉండదు. సీట్లు తగ్గుతాయంటారు యజమానులు. తగ్గుతాయి. రాత్రి రెండో విడత జనం కూర్చోవడానికి పట్టే సమయం కూడా తగ్గుతుంది, ఆ లెక్క ఎవరూ వెయ్యరు.

చెయ్యి కడుక్కునే చోటు మాత్రం మన హోటళ్లకే ప్రత్యేకం, అక్కడే అందరూ తప్పుతారు. భోజనమయ్యాక కుడిచెయ్యి మణికట్టుదాకా నెయ్యీ పులుసూ. కుళాయి తిప్పుడుది అయితే దేనితో తిప్పాలి? ఎడంచేత్తో తిప్పితే సబ్బునీళ్ల సీసా ఎవరు నొక్కుతారు? మనకన్నా ముందొచ్చినవాళ్లు కుడిచేత్తోనే తిప్పి, కుళాయి పిడికి పసుపు పూసి పోయుంటారు. కాలితో తొక్కేదో, మోచేత్తో తోసే పొడుగు పిడిదో పెడితే ఒక్క దెబ్బకి తీరిపోతుంది. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. నెయ్యి 35 డిగ్రీల చుట్టుపక్కలకి వస్తే గానీ పూర్తిగా కరగదు, చన్నీళ్లు పోస్తే చేతికి మైనంలా పట్టుకుంటుంది. ఫింగర్ బౌల్‌లో నిమ్మచెక్క వేసినా నీళ్లు చల్లగా ఉంటే దండగ. పెద్ద బేసిన్ పక్కన 60 సెంటీమీటర్ల ఎత్తులో పిల్లలకి ఇంకోటి పెట్టిన హోటల్ కనిపిస్తే, అది కట్టించినాయనకి ఇంట్లో పిల్లలున్నారనుకోవచ్చు.

వెలుతురు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2700 నుంచి 3000 కెల్విన్ పసుపు దీపాలు, సీఆర్‌ఐ (దీపం కింద రంగులు ఎంత సహజంగా కనపడతాయో చెప్పే అంకె) 90కి తగ్గకుండా. తెల్లటి ట్యూబ్‌లైటు కింద బిర్యానీ పాలిపోతుంది, నీలం స్ట్రిప్ లైటు కింద గోంగూర పచ్చడి తారులా కనపడుతుంది. దీపం బల్ల మీద పడాలి, నడినెత్తిన పడితే ఎదుటి మనిషి కళ్ల కింద గుంటలు కనపడతాయి.

గాలికి మాత్రం ఇంకొంచెం చోటివ్వాలి. ఎండుమిర్చి తాలింపు ఘాటుకి హాలంతా ఒక్కసారిగా దగ్గడం చూసే ఉంటారు. కిచెన్‌లో ఎగ్జాస్టు లాగేంత గాలిలో 80 నుంచి 90 శాతాన్ని బయటినుంచి తాజాగా కిచెన్‌లోకే ఇంకో ఫ్యాన్‌తో పంపాలి. మిగతాది హాల్లోంచి కిచెన్ వైపు పోతుంటే వాసన మనవైపు రాదు. ఖర్చు తగ్గుతుందని ఆ రెండో ఫ్యాను మానేస్తే, ఎగ్జాస్టు హాల్లోని ఏసీ గాలినంతా లాగేస్తుంది. వీధి తలుపు తీయగానే వేడిగాలి ఉప్పెనలా లోపలికి కొడుతుంది, తలుపు పక్క బల్లవాళ్లు ఉడికిపోతారు. ఎగ్జాస్టు మోటారు జిడ్డుపట్టి బలం తగ్గితే దీనికి తలకిందులు, ఘాటు హాల్లోకి వస్తుంది. పరీక్ష సులువు: కిచెన్ తలుపు సందులో టిష్యూ కాగితం పట్టుకోండి. అది కిచెన్ వైపు మెల్లగా వంగాలి. ఏసీ గాలి నేరుగా బల్ల మీద పడకూడదన్నది వేరే చెప్పాలా? ఏసీ హాల్లో పేర్చిన స్టీలు పళ్లెం అప్పటికే చల్లబడి ఉంటుంది, అన్నం వేడిని ఇట్టే గుంజేస్తుంది. అరిటాకు ఆ పని చెయ్యదు.

ఇక వడ్డన. ‘వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా ఒకటే’ అన్న సామెతని రాజకీయాలకి వాడీ వాడీ వడ్డన సంగతే మర్చిపోయాం. మనవాడైనా కాకపోయినా, కడబంతిలో కూర్చున్నవాణ్ని కూడా మర్చిపోకుండా చూసే కన్ను కావాలి. ఆంధ్రా మెస్సులో మంచి సర్వర్‌ని ఓ పది నిమిషాలు చూడండి. అన్నం బకెట్ వస్తుంది, వెనకే పప్పు, దాని వెనక రెండడుగుల దూరంలో నెయ్యి. ఆ దూరం పెరగకూడదు. వేడన్నం మీద పప్పు పడి, ఆవిరి ఇంకా లేస్తుండగానే నెయ్యి పడితే మెతుకు మెతుక్కీ పట్టుకుంటుంది. ఐదు నిమిషాలు ఆలస్యమైతే అదే నెయ్యి అదే అన్నం మీద ముద్దకట్టి ఓ పక్కన కూర్చుంటుంది. వంటలో ఏ తేడా లేకుండానే రుచి పోయింది! తరవాత అతను మన చేతివైపు చూస్తాడు, ముఖంవైపు కాదు. వేళ్లు ఆకు మీద అన్నాన్ని దగ్గరికి లాగుతున్నాయంటే మారు అన్నం తేవాలి. వేళ్లు విడిగా ఆగితే పులుసుకి వేళయింది. పప్పుతో సగంలో ఉన్నవాడి ఆకులో సాంబారు పొయ్యడం మొద్దు సర్వర్ పని, రెండూ కలిసి ఏదీ కాకుండా పోతుంది.

ఏసీ రెస్టారెంట్లో ఈ కన్ను ఎందుకు పోయింది? ఆ కుర్రాళ్లకి తెలివి లేక కాదు. ఒక్కొక్కరికీ ఏ బల్లలో తేల్చి చెప్పరు, అందరూ అన్ని బల్లలకీ. అందరి పని ఎవరి పనీ కాదు. ఖాళీ దొరికితే కౌంటర్ దగ్గర, హాలుకి వీపు పెట్టి నిలబడతారు. మనిషికి నాలుగైదు బల్లలు పంచి, గోడకి వీపానించి ఆ బల్లలు కనపడేచోట నిలబెడితే చాలు, చెయ్యెత్తడాలు చాలా తగ్గుతాయి. చేతిలో ట్యాబ్ పెట్టి ఆర్డర్ కొట్టించడం వచ్చాక తలెత్తి చూడటం ఇంకా తగ్గింది. ఆర్డర్ తిరిగి చదివి వినిపించడం, ‘మటన్ రోస్టుకి ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది సార్, పర్లేదా?’ అని ముందే చెప్పడం, ఈ రెండు అలవాట్లకీ ఖర్చు సున్నా. ఇరవై ఐదన్నది ఇరవై రెండుకి వస్తే సంతోషం. ‘ఫైవ్ మినిట్స్ సార్’ అన్నది పన్నెండుకొస్తే మంట. నిజానికి రెండో ఆయనకే తొందరగా వచ్చింది.

పళ్లేలు తీసే తొందర మరీ అన్యాయం. బంతిలో అందరి భోజనం అయ్యేదాకా లేవకూడదన్నది మన పాత మర్యాద. నలుగురిలో ఒకరిది అయిపోగానే క్లీనరొచ్చి ఆ పళ్లెం ఎత్తుకుపోతే, మెల్లగా తినే అమ్మమ్మ తన వల్లే అందరూ ఆగారనుకుని రెండు ముద్దలు గబగబా మింగి చెయ్యి కడుగుతుంది. ఆఖరివాళ్లు ముగించాకే నాలుగూ కలిపి తియ్యాలి. టిఫిన్ సెంటర్‌కి ఈ రూలు వర్తించదు. అక్కడ ఇడ్లీ తిని కాఫీ తాగి లేచిపోవడమే సుఖం, పెసరట్టు ఆలస్యమైందని ఇడ్లీ ఆపినా తిడతారు.

మన వైపు కూడా కొంచెం ఉంది. ‘ఏయ్’ అనీ చిటికేసీ పిలిస్తే కన్ను మనమీద నుంచి తప్పుకుంటుంది. ‘బాబూ’, ‘తమ్ముడూ’, హైదరాబాద్‌లో ‘అన్నా’, ‘భాయ్’. పెద్దవాళ్లతో వెళ్తే ఏడుంపావుకే వెళ్లండి, స్పీకరుకీ కిచెన్ తలుపుకీ బిల్లింగ్ కౌంటర్‌కీ దూరంగా ఉన్న మూల బల్ల అడగండి. పాట తగ్గించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

చివరికి వచ్చేది బిల్లు. ఇక్కడ అనుమానం పుడితే అప్పటిదాకా తిన్నదంతా చేదవుతుంది. కూర్చోగానే ‘బిస్లెరీనా, నార్మలా?’ అని అడిగే తీరులోనే అది మొదలవుతుంది. ‘నార్మల్’ అన్నవాణ్ని పిసినారిలా చూడటం కొందరికి అలవాటు. హోటల్లో కూర్చోబెట్టి ఇచ్చే నీళ్ల సీసాకి ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబర్‌లో తీర్పిచ్చింది, కాబట్టి ధర మెనూలోనే చూసుకోవాలి. మామూలు రెస్టారెంటుకి జీఎస్టీ 5 శాతం, సీజీఎస్టీ రెండున్నర, ఎస్‌జీఎస్టీ రెండున్నర అని రెండుగా కనపడుతుంది. కాంపోజిషన్ స్కీములో (అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను హోటలే కట్టే పద్ధతి) ఉన్న చిన్న హోటల్ అయితే అసలు పన్ను వసూలు చెయ్యకూడదు. సర్వీస్ ఛార్జి వేరే. దాన్ని హోటల్ తనంతట తానే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలిచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. కలిపితే తీసెయ్యమని అడగొచ్చు, వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యొచ్చు.

తీయించినవాళ్లు టిప్పు కూడా మానేస్తే మాత్రం దెబ్బ పడేది నెయ్యి గిన్నె పట్టుకుని తిరిగినవాడికి. పూర్వం సోంపు ప్లేటులో చిల్లర తిరిగొచ్చేది, అందులో కొంత అక్కడే వదిలేసేవాళ్లు. ఇప్పుడు కౌంటర్ మీది క్యూఆర్ కోడ్‌కి 1,247 రూపాయలంటే 1,247 రూపాయలే పోతాయి, ప్లేటులో సోంపు ఒక్కటే ఉంటుంది. జేబులో ఓ యాభై నోటు ఉంచుకుని, లేచేటప్పుడు అతని చేతికే ఇవ్వండి.